27 ఏళ్లు కారణాంకాలు దొరకని సంఖ్య



లెక్కల మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఒకే ఒక్క సంఖ్యను విషయంగా ఎంచుకున్నాను. 67 రెండ్లను వరసగా గుణించి, లబ్ధంలోంచి ఒకటి తీసేయండి. 14,75,73,95,25,89,67,64,12,927 వస్తుంది. మొత్తం 21 అంకెలు.

ఫ్రాన్సుకు చెందిన క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో ఇలాంటివాటిలో ప్రధాన సంఖ్యలేవో జాబితా ఇస్తూ దీన్నీ చేర్చాడు. 1876లో ఎడ్వర్డ్ లూకా ఇది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు. అయితే దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యను ఒక్కదాన్నీ చూపలేదు. చూపకుండానే రుజువు చేశాడు!

అదెలా సాధ్యం? ఆయన పద్ధతికి తర్వాత లెమర్ ఇచ్చిన సులువైన రూపాన్ని 31 మీద చూద్దాం. ఐదు రెండ్ల లబ్ధం 32, ఒకటి తీస్తే 31. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం కట్టి రెండు తీసేస్తే 14. మళ్లీ అలాగే చేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిది వర్గంలోంచి రెండు తీస్తే 62, శేషం సున్నా. ఐదుకు రెండు తక్కువ, అంటే మూడో మెట్టులో సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రధాన సంఖ్యే. మన పెద్ద సంఖ్యకు 65 మెట్లు ఎక్కాలి. చివర సున్నా రాదు. దాంతో రుజువు పూర్తయినట్టే. కారణాంకం జాడ మాత్రం ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. గణితంలో నాకు ఇంత ఇష్టమైన రుజువులు కొద్దిగానే ఉన్నాయి.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ కారణాంకాలను బయటపెట్టాడు: 19,37,07,721; 7,61,83,82,57,287. ఆయన నోరు విప్పకుండా నల్లబల్ల మీద గుణకారం చేసి కూర్చున్నాడని, సభ చప్పట్లు కొట్టిందని గణితవేత్త ఈ.టి. బెల్ రాశాడు. ఆ కథ అందరూ చెబుతారు. ఆయన వెతికిన తీరు అంతకన్నా చెప్పుకోదగ్గది. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యలోంచైనా ఒకటి తీస్తే, మిగిలేది 67కు రెట్టింపైన 134తో నిశ్శేషంగా పోవాలి. పైగా ఆ ప్రధాన సంఖ్యను ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటో ఏడో కావాలి. 134ను 14,45,580తో గుణించి ఒకటి కలపండి, మొదటి కారణాంకం వస్తుంది. ఇంకా లక్షల సంఖ్యలు మిగులుతాయి గనుక, వర్గ శేషాల సాయంతో కోల్ వాటినీ వడగట్టాడు. కంప్యూటర్లు లేని రోజుల్లో అంతా చేతిలెక్కే.

ప్రధానమా కాదా అని తేల్చడం, కారణాంకాలు వెతకడం వేరువేరు పనులని లూకాకూ కోల్‌కూ మధ్య గడిచిన 27 ఏళ్లు చూపిస్తున్నాయి. మొదటి పని ఏ సంఖ్యకైనా త్వరగా, నిశ్చయంగా చేయవచ్చని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. రెండో పనికి మామూలు కంప్యూటర్ల మీద అలాంటి పద్ధతి ఇంతవరకూ లేదు. 1977లో పుట్టిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి ఆ కష్టాన్నే నమ్ముకుంది. అలాంటి పద్ధతి అసలు ఉండదని కూడా ఎవరూ రుజువు చేయలేదు.