ఆవగింజంత పువ్వు – 10 కోట్ల ఏళ్ల వంశచరిత్ర

 

75 ఏళ్ల పాఠశాల చరిత్రకు హాజరు పట్టీలు, ఛాయాచిత్రాలు సాక్ష్యం పలుకుతాయి. 10 కోట్ల ఏళ్ల వృక్షవంశ చరిత్రకు సాక్ష్యమేది? ఆవగింజంత పువ్వే సాక్ష్యం.

కాశ్మీర లోయలో శరత్కాలాన ఎర్రబారే చినార్ వృక్షాన్ని మీరు చిత్రాలలో చూచియుందురు. అది ప్లేన్ వృక్షాలలో ఒకటి. వాటి కుటుంబం పేరు ప్లటానేసీ. ఆ కుటుంబంలో నేడు మిగిలినది ఒకే ప్రజాతి. దాని పువ్వులు గుండ్రని బంతులుగా వ్రేలాడుతాయి. ఆడ, మగ బంతులు వేర్వేరు. పుప్పొడిని గాలియే మోస్తుంది. ఫలాల అడుగున ఉన్న రోమాలు వాటిని గాలిలో తేలిపోనిస్తాయి.

ఈ కుటుంబపు పూర్వులు అమెరికా తూర్పు తీరాన, మేరీలాండ్, వర్జీనియా ప్రాంతాలలోని పొటోమాక్ నిక్షేపాలలో దొరికినవి. అక్కడి కొన్ని సంయుక్త పత్రాల శిలాజాలు కుంకుడు ఆకులను పోలియున్నవని 1889లో ఫాంటేన్ అను శాస్త్రజ్ఞుడు వాటికి ‘సాపిండాప్సిస్’ అని పేరిడినాడు. కుంకుడును పోలినదని దాని అర్థం. తరువాతి కాలంలో ఎల్సె మరీ ఫ్రీస్, పీటర్ క్రేన్ మొదలగువారు అదే నిక్షేపాల మట్టిని జల్లెడపట్టి, అందులోని సూక్ష్మ పుష్పాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించినారు. 1993లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఆ ఆకులతో లభించిన పువ్వులు ప్లేన్ వంశానికి చెందినవి!

ఆ పువ్వులూ గుండ్రని బంతులుగానే ఉన్నవి. ఆడ, మగ పువ్వులు వేరే. కాని వాటి భాగాలు ఐదేసిగా క్రమబద్ధంగా అమరియున్నవి. పరిపత్రం స్పష్టంగా ఉన్నది. పుప్పొడి రేణువులు నేటివాటికంటె చిన్నవి. ఫలాలకు రోమాలు లేవు. కనుక నాడు పరాగసంపర్కం కీటకాల వలన జరిగియుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. గాలిపై ఆధారపడుట తరువాత వచ్చిన మార్పు.

మరొక వింత. జన్యుపరిశోధనల ఆధారంగా 1998లో రూపొందిన వర్గీకరణలో ప్లేన్ వృక్షానికి దగ్గరి బంధువులుగా తేలినవి రెండు: చెరువులోని తామర ఒకటి; కర్ణాటక కాఫీ తోటలలో నీడకై పెంచే సిల్వర్ ఓక్ రెండవది. నీటిలో తేలే ఆకుకు, ఆకాశాన్ని తాకే మ్రానుకు చుట్టరికమని రూపం చూచి ఎవరు చెప్పగలరు?

విద్యార్థులారా! ఆకు పోలికను మాత్రమే చూచి వంశాన్ని నిర్ణయించరాదు. పేరు పెట్టినంత మాత్రాన పరిశీలన ముగియదు. నూరేళ్ల నాటి పేరు సూచించిన చుట్టరికాన్ని కూడ గుప్పెడు మట్టిలోని పువ్వు సవరించినది. కీటకాన్ని విడిచి గాలిని నమ్ముకొన్నను, ఆ వంశం తన పూబంతిని విడువలేదు. కాలానికి తగినట్లు మారుట, మూలాన్ని నిలుపుకొనుట – రెండును ఒకే చెట్టుకు సాధ్యమైనవి. పరాయి నేలపై తెలుగు చదువును నిలిపిన ఈ విద్యాలయపు పిల్లలకు ఇంతకంటె తగిన పాఠమేమున్నది?