కార్బైన్ మొరాయిస్తే

పోలీసు కొలువులో ఉన్నవారికి స్టెర్లింగ్ కార్బైన్ కొత్త కాదు. 1953లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన ఈ 9 మిల్లీమీటర్ల తుపాకీని తర్వాత మన కాన్పూరులోనూ తయారుచేశారు.

తూటా అందక ఆగిపోయిందా? ముందు మ్యాగజైన్ తీయండి. బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని కళ్లారా చూడండి. ఈ తుపాకీలో బోల్టు ముందుకు దూకుతూనే తూటాను తోసుకెళ్లి పేలుస్తుంది. మ్యాగజైన్ ఉండగా చెయ్యి జారితే పక్కవాడి ప్రాణం పోవచ్చు.

తప్పు చాలాసార్లు మ్యాగజైన్‌దే. అంచులు వంగి ఉంటాయి, స్ప్రింగు నీరసించి ఉంటుంది, లేదా దుమ్ము పేరుకుని ఉంటుంది. మరో మ్యాగజైన్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇక గురి సంగతి. గుళ్లు ఎడమకు పోతుంటే ముందరి సైటును ఎడమకే జరపాలి, కిందికి పోతుంటే కిందికే దించాలి. ఒక్క గుండు చూసి కాదు, అయిదు గుళ్లు కాల్చి చూశాకే. ఆ పని ఆర్మరర్‌కే వదలండి.