మత్తడి దూకక మునుపే
(మహాసభల ముఖ్య ప్రసంగ పాఠము)

 మెదకు జిల్లా రామాయంపేటలో పిల్లలకు లెక్కలు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న నావంటి వానిని సముద్రములు దాటించి హ్యూస్టను నగరమునకు రప్పించి, ప్రకృతి విపత్తులు, ప్రజారోగ్యము, పునరావాసము అను మూడు పెద్ద విషయములకు డేటా సైన్సు చేయగల సేవను గూర్చి మాట్లాడుమనుట ఇచ్చటి తెలుగువారైన మీ ఔదార్యము. ఆ శాస్త్రము నాకంటె బాగుగా తెలిసినవారు ఈ సభలో వరుసకు నలుగురైదుగురు తప్పక ఉందురు. వారికి యంత్రములు తెలియును; నాకు చెరువులు తెలియును. ఏ పెండ్లికి పోయినను చెరువు ముచ్చటయే తీయుదునని మా ఇంటివారు నన్ను ఆక్షేపింతురు గాని, పిలిచినవారు మీరు గనుక నేటికి మీరు భరింపక తప్పదు.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో మన ప్రాంతమున కురిసిన వానను మీరందరు ఫోనులలో చూచియే ఉందురు. కామారెడ్డి జిల్లా ఆర్గొండయందు ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించి పడినది. రైలుకట్టలు కోసుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. 44వ జాతీయ రహదారిపై బండ్లు బారులు తీరినవి. మా రామాయంపేటలో ఆడపిల్లల వసతిగృహమును నీరు చుట్టుముట్టగా సహాయక దళములవారు వచ్చి వారిని వెలికి తెచ్చిరి. 1922లో పూర్తియైన పోచారము ఆనకట్ట మీదుగా మునుపెన్నడు ఎరుగని వరద దుముకుచుండగా, నిలుచునో తెగునో యని దిగువ పల్లెల జనము రాత్రియంతయు మేలుకొనియుండిరి. కట్ట నిలిచినది. ఆ రాత్రి మీకిచ్చట పగలు. ఆ పగలు మీరు ఆఫీసులలో ఏ పని చేసియుందురో, ఇంటికి ఎన్నిమారులు ఫోను చేసియుందురో నేను అడుగను.

ఎంత వాన పడుచున్నదో ఆ రాత్రి మనకు తెలియకపోలేదు. తెలంగాణయందు ప్రణాళికా శాఖవారి స్వయంచాలిత వాతావరణ కేంద్రములు వెయ్యికి పైగా కలవు. ఆర్గొండ అంకెయు అట్టి కేంద్రము చెప్పినదియే. తెలియనిది ఆ నీరు నేలమీద పడిన పిమ్మట ఎటు పోవునన్నది. మన చెరువులు విడివిడిగా పుట్టినవి కావు. పెండ్లి పందిటిలో ఒక బంతి లేచిన పిదప మరొక బంతి కూర్చున్నట్లు, ఎగువ చెరువు నిండి మత్తడి, అనగా అలుగు, దూకిన నీరు దిగువ చెరువును చేరును. అది నిండిన తరువాత కుంటకు, కుంట నిండిన తరువాత వాగునకు. మిషన్ కాకతీయ పేరిట 2015లో ఆరంభమైన పునరుద్ధరణకు పూర్వము రాష్ట్రములోని చెరువులను లెక్కించగా 46,531 తేలినవి. ఇంత గొప్ప లెక్క చేసినవారిని కొనియాడవలసినదే. అయినను ఏ చెరువు మత్తడి ఎంత ఎత్తున ఉన్నది, దాని నీరు ఎన్ని గంటలలో దిగువ చెరువును చేరును, నడుమ ఏ వాడ ఉన్నది అను మూడు సంగతులు జతపడనిదే ఆ లెక్క వరదనాడు పనికి రాదు.

ఉపగ్రహమున్నది గదా అని యువకులు అందురు. ఉన్నది. మేఘములను చీల్చుకొని చూడగల రాడారు ఉపగ్రహములును ఉన్నవి. వాని చిత్రములతో ముంపు పటములను తయారుచేయు జాతీయ దూరసంవేదన కేంద్రము మన హైదరాబాదులోనే ఉన్నది. అయితే అది నీరు నిలిచిన తరువాతి మాట. నీరు ఎటు పారునో ముందుగా గణించుటకు నేల ఎత్తుపల్లములు కావలెను. ఉచితముగా లభించు ఎత్తుల పటములలో ఒక్కొక్క గడి 30 మీటర్లు. మన చెరువుకట్ట పైభాగము ఒక ఎడ్లబండి పోవునంత వెడల్పు! కట్టయే కనబడని పటముతో మత్తడి లెక్క కట్టుట ఎట్లు?

తీరమున ఈ శాస్త్రము గెలిచినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు తక్కువ గాకుండ ప్రాణములు పోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును చెండాడినప్పుడు ఆంధ్రప్రదేశములో మృతుల సంఖ్య వంద దాటలేదు. సముద్రములో పుట్టు తుపాను నాలుగు దినములు ముందుగా కబురు పంపును. జనమును తరలించుటకు వ్యవధి చిక్కును. మెట్టప్రాంతపు కుంభవృష్టికి అంత మర్యాద లేదు. నిండిన చెరువుల మీద రాత్రికి రాత్రి పడి, తెల్లవారునప్పటికి కట్ట తెంపి పోవును.

ఇచ్చట ఒక ప్రయాణపు ముచ్చట చెప్పవలెను. కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు, చూడనిండు. చాల ఏండ్ల క్రిందట, వానకాలము తుదిని, సికింద్రాబాదునుండి నిజామాబాదు వైపు పోవు ప్యాసింజరు బండిలో అక్కన్నపేటకు బయలుదేరితిని. మా రామాయంపేటకు అదియే దగ్గరి స్టేషను. మేడ్చలు దాటువరకు నిలుచుటకైనను చోటు లేదు. మనోహరాబాదులో ఒక కుటుంబము సీతాఫలముల గంపతో ఎక్కినది. మాకందరకు తలా ఒక పండు పంచి, తమ చిన్నపిల్లకు వచ్చిన సంబంధమును గూర్చి, వరుని కోపస్వభావమును గూర్చి, అతని మేనత్త పెట్టిన పేచీని గూర్చి పెట్టెలోని వారందరి అభిప్రాయము కనుగొని, మాసాయిపేటలో దిగిపోయినది. ఆ పెండ్లి అయినదో లేదో నాకు నేటికిని తెలియదు. నేను వద్దనియే చెప్పితిని. వడియారము వచ్చునప్పటికి కిటికీ ప్రక్క చోటు దొరికినది. ఎదుట తలపాగ చుట్టిన ఒక వృద్ధుడు, మోకాళ్ల నడుమ కర్ర నిలిపి, బయట కనబడు ప్రతి చెరువును, ప్రతి కుంటను తేరిపార చూచుచు తనలో తాను ఏదియో లెక్క పెట్టుకొనుచున్నాడు. ఏమి తాతా, ఎకరములు లెక్కించుచున్నావా అంటిని.

"ఎకరాలు నాకెందుకు సారూ? గా తూము కాడి రాయి మునిగింది, చూసినవా? ఈ రాత్రి వాన వడితె తెల్లారేసరికి మత్తడి దూకుతది. గా నీళ్లు అవుతలి కుంటల వడ్తయి. కుంట కట్ట మొన్ననే కుంగింది. గది తెగిందంటె కింద అన్ని బీదోళ్ల ఇండ్లే" అనెను.

ఆయన నీరడి, అనగా చెరువు నీటిని కాచి పంచు గ్రామ సేవకుడు. తండ్రి నీరడి, తాత నీరడి. మీర్జాపల్లి దాటి అక్కన్నపేట వచ్చువరకు, పట్టాలకు ఇరువైపుల ఏ నీరు ఏ నీటిలో కలియునో, ఏ ఏట ఏ కట్ట తెగినదో, ఎవరి దొడ్డిలో ఎన్ని గొర్రెలు కొట్టుకొనిపోయినవో వరుస తప్పక చెప్పెను. ఇదంతయు ఎవరైన వ్రాసికొన్నారా యని అడిగితిని. "రాసెటోడు ఎవ్వడచ్చిండు సారూ? నన్ను అడిగినోడివి నువ్వే" అని నవ్వి, చుట్ట ముట్టించెను. నా సంచిలో కలము కలదు, కాగితము కలదు. అంతలో అక్కన్నపేట వచ్చినది. ఆ నీరడుల వ్యవస్థయు నిలువలేదు. 1984లో గ్రామాధికారులైన పటేలు, పట్వారీలు పోయిరి. నీరడులు గ్రామ సేవకులుగా మిగిలి, తరువాత గ్రామ సహాయకులైరి. 2023లో ఆ సహాయకులను తలా ఒక శాఖలో సర్దిరి. వారికి స్థిరమైన జీతము వచ్చినందుకు సంతోషింపవలసినదే. తూము దగ్గరి రాతిని చూచు కన్ను మాత్రము ఏ శాఖ పద్దులోనికిని ఎక్కలేదు.

ఇచ్చటనున్న మీకును వరద క్రొత్త గాదు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను ఈ టెక్సాసులో ఒకచోట 60 అంగుళములకు మించి కురిసినది. 1940లలో కట్టిన ఆడిక్సు, బార్కరు జలాశయముల ముంపు పరిధిలోనే ఎన్నో కాలనీలు వెలసి యుండుట వేలాదిమందికి నీరు ఇంటిలోనికి వచ్చిననాడే తెలిసినది. అట్టి ముంపు నేలను మన భాషలో శిఖం భూమి అందుము. అందులో ఇల్లు కట్టరాదని మా ఊరి పసిపిల్లవానికిని తెలియును, అయినను కట్టుదురు. హార్వీ తరువాత ఇచ్చటి ప్రభుత్వము కొన్ని ముంపు ఇండ్లను కొని ఖాళీ చేయించినది. అదియు పునరావాసమే.

పునరావాసమనగానే నాకు మల్లన్నసాగరము కనులముందు నిలుచును. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ 50 టి.ఎం.సి.ల జలాశయము క్రింద వేములఘాటు, ఏటిగడ్డ కిష్టాపూరు, పల్లెపహాడు మొదలగు ఊళ్లు మునిగినవి. జనము గజ్వేలు దగ్గరి కాలనీకి చేరిరి. భూసేకరణ లెక్కలోనికి ఇల్లు వచ్చును, బావి వచ్చును, వేపచెట్టును వచ్చును. పొరుగు రాదు. ప్రతి ఇంటివారిని, అర్ధరాత్రి ఆపద వచ్చిన మీరు తలుపు తట్టు మూడు ఇండ్లేవి యని అడిగి, ఆ జవాబులతో ఒక వల గీసి, ఆ వలలో దగ్గరగా నున్నవారికి కాలనీలోను దగ్గరగా స్థలములు కేటాయించుట మీవంటి వారికి ఒక సాయంకాలపు పని. అంత చిన్న గణనతో ఒక ముసలమ్మ ఒంటరితనము తప్పునని తోచినప్పుడు నాకు ఈ శాస్త్రము మీద నిజముగా గౌరవము కలుగును. పొరుగింటి చల్ల లేని ఊరు ఊరగునా!

ఆరోగ్యము మాట క్లుప్తముగా చెప్పుదును. 1897 ఆగస్టులో రొనాల్డు రాసు సికింద్రాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టినది ఓపికగా ఒక్కొక్క దోమను కోసి చూచుట వలననే. మరణములను లెక్కించుటకును అట్టి ఓపికయే కావలెను. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో రెండువేలకు పైగా ప్రాణములు పోయినట్లు ప్రభుత్వ లెక్కలు. ఉపాధి పనిలో కూలిన కూలీ మరణమును వడదెబ్బగా వ్రాయుదురా, గుండెపోటుగా వ్రాయుదురా అన్నదానిని బట్టి మరుసటి ఏట ఏ ఊరికి చలువపందిరి వచ్చునో తేలును. మరణ కారణము సరిగా వ్రాయనిచోట ఎంత గొప్ప యంత్రమైనను తప్పే నేర్చుకొనును.

ఇప్పుడు మిమ్ము కొంచెము మందలింతును, పెద్దవాడను, ఓర్చుకొనుడు. మీ పిల్లలు రత్నములు. నిన్నటి ప్రదర్శనలో పదునాలుగేండ్ల బాలిక వరదను ముందుగా చెప్పు ప్రోగ్రాము చూపినది. నాకు కండ్లు చెమర్చినవి. తల్లీ, ఇది మీ ఊరి చెరువునకు పనిచేయునా యని తెలుగులో అడిగితిని. ఆమె తల్లి వైపు చూచినది. తల్లి ఇంగ్లీషులో చెప్పినది. ఊరి చెరువు పేరేమని మరల అడుగగా ఆ తల్లియు తండ్రి వైపు చూచినది. ఆ బిడ్డ తప్పేమున్నది? ఆదివారము ఫోనులో నాయనమ్మతో హాయి, బాయి అను రెండు మాటలతో సరిపెట్టుట ఆమెకు నేర్పినది మనమే. వరద ఎంతవరకు వచ్చినదో చెప్పగలిగినది ఆ నాయనమ్మ. దానిని యంత్రమునకు అర్థమగునట్లు చేయగలిగినది ఈ మనుమరాలు. ఇద్దరి నడుమ తెలుగు లేకున్న ఆ లెక్క నాయనమ్మతోనే పోవును.

మాతృభాషలో అందిన కబురు ఏమి చేయునో ఋజువు కలదు. 2016లో, మన పాత మెదకు జిల్లా పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌ పరిశోధన సంస్థవారు మైక్రోసాఫ్టుతో కలిసి, కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తవలెనో తెలుగులో ఫోను సందేశములు పంపిరి. సుమారు ముప్పది ఏండ్ల వాతావరణ దత్తాంశము వెనుక నున్నది. రైతు చేతికి వచ్చినది మాత్రము తెలుగు సందేశమే. దిగుబడి 30 శాతము హెచ్చినట్లు వారు ప్రకటించిరి. జహీరాబాదు దగ్గర 2008 నుండి దళిత మహిళలు నడుపుచున్న సంఘం రేడియో వంటివి ఉన్నచోట చదువురాని వారికిని వరద కబురు చెవిని పడును.

కనుక ఈ సెలవులలో ఊరికి పోవునప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని చెరువుకట్ట మీదికి నడువుడు. ఫోనులో మత్తడి స్థానమును గుర్తించుడు. తూము దగ్గరి రాతి ఎత్తును టేపుతో కొలువుడు. ఊరిలో అరువది దాటిన పదిమందిని, ఏ ఏట నీరు ఏ గడప వరకు వచ్చినదని పిల్లలచేతనే తెలుగులో అడిగించుడు. గడప అనగానే, పసుపు పూసి ముగ్గు వేసిన మన ఇంటి గడప, దానిమీద కూర్చుండవద్దని కసరిన అమ్మ... ఏమనుచుంటిని? ఆ, ఎత్తు. గడప ఎత్తును కొలువుడు. పాఠశాల గోడమీద ఆ ఎత్తున రంగుతో గీత గీయించి, ప్రక్కన సంవత్సరము వేయించుడు. ఆ అంకెలను పంచాయతికి ఒక ప్రతి, జిల్లా కలెక్టరు కార్యాలయమునకు ఒక ప్రతి ఇచ్చి, అందరు వాడుకొనునట్లు బహిరంగముగా ఉంచుడు. గొప్ప యాప్ చేయవలెనను తొందర వద్దు. అట్టివి ఎన్నియో పుట్టి, రెండవ వానకాలము చూడకయే పోయినవి.

భోజనశాల ద్వారము దగ్గర బల్లమీద నేనొక పెద్ద కాగితము పరచినాను. అందులో మీ ఊరు, ఊరి చెరువు, దాని నీరు తరువాత చేరు చెరువు, ఈ మూడు పేర్లు తెలుగులో వ్రాసి పొండు. మూడవది తెలియనివారు ఇంటికి ఫోను చేసి కనుగొనవచ్చును. ఇప్పుడు కాదు, అచ్చట రాత్రి పదిన్నర దాటినది. సాయంకాలము చేయుడు, వారికి తెల్లవారి యుండును. కాగితము రేపు మధ్యాహ్నము వరకు అక్కడనే ఉండును.