ఉరికే పిల్లను ఆపొద్దు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. నేను ఆట గురించి మాట్లాడతాను. సార్లు మన్నించాలి.

నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో 2001లో పుట్టిన అమ్మాయి గుగులోత్ సౌమ్య. మొదట ఆమెకు ఫుట్‌బాల్ తెలియదు, పరుగు పందేల్లో ఉరికేది. ఆ ఉరుకుడు చూసిన శిక్షకుడు నాగరాజు ఆమెను బంతి ఆటలోకి తెచ్చారు. ముంబయి కెంక్రే క్లబ్బుకు, కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ జట్టులో చేరింది. ఆ తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. ఆ జట్టు 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకు దక్కింది. మిడ్‌ఫీల్డ్ నుంచి వచ్చిన బంతిని అందుకొని పక్క గీత వెంట దూసుకెళ్లడమే ఆమె పని. తండాలో నేర్చిన పరుగే ఇప్పటికీ పెట్టుబడి.

ఆమె గురించి చదివినప్పుడల్లా నాకు ఒక ముఖం గుర్తొస్తుంది. ఏడో తరగతిలో మాతో ఒక తండా అమ్మాయి చదివేది. ఆగస్టు పదిహేను పందెంలో మగపిల్లలందరినీ దాటేసింది. రెండో స్థానం నాది. ‘ఆడపిల్ల చేతిలో ఓడినవురా’ అని దోస్తులు ఎక్కిరిస్తే ఆ కోపం ఆమె మీద తీర్చుకున్నాను. నెల రోజులు గేలి చేశాం. ఆమె మళ్లీ గ్రౌండ్‌లో అడుగుపెట్టలేదు. మరుసటి ఏడాది బడికే రాలేదు. దానికి కారణాలు ఎన్నో ఉండొచ్చు, అందులో నేను లేనని మాత్రం చెప్పలేను.

1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన కోచ్, హైదరాబాద్ రహీం సాబ్ కూడా బడిపంతులుగా పనిచేసినవారే. పిల్లల కాళ్లలో ఏముందో ముందుగా కనిపించేది బడిలోనే.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కట్టాలని కొందరన్నారు. నాది వేరే మాట. ముందు గ్రౌండ్ బాగుచేద్దాం. పూర్తి ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. మనకున్న జాగాలో చిన్నదే చాలు. నడుమ కొంచెం ఎత్తు చేసి, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున అంచులకు వాలు ఇస్తే వాన నీళ్లు నిలవవు. ఆ లెక్కలు, పని దగ్గరుండి చూడడం నా బాధ్యత. ఆడపిల్లలకు బూట్లు, బట్టలు మార్చుకునే గది, సాయంత్రం తండాకు చేర్చే ఆటో ఖర్చు సంఘం చూసుకోవాలి.

తోరణం కింద మనం ఏడాదికి ఒకసారి నడుస్తాం. గ్రౌండ్‌లో పిల్లలు రోజూ ఉరుకుతారు. మొదటి చందా నాది. రాసుకోండి.