ఊడిన పన్ను పారేయకండి



పిల్లల పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరేస్తాం. దాని చోట కొత్త పన్ను వస్తుంది. కానీ 6 ఏళ్లు దాటాక వచ్చేవి పెద్ద పళ్లు. అవి ఊడితే మళ్లీ రావు. ముసలితనం దాకా ఉండాల్సినవి అవే.

పళ్లకు దెబ్బ ఎలా తగులుతుంది? తడి గచ్చు మీద పిల్లలు జారి పడతారు. బోరింగు చెయ్యి మూతికి కొట్టుకుంటుంది. బిళ్లంగోడు ఆటలో బిళ్ల ఎగిరి తగులుతుంది.

గచ్చు మీద నీళ్లు తుడవండి. బోరింగు కొట్టేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. బిళ్లకు ఎదురుగా నిలబడనివ్వకండి. సీసా మూతలు పళ్లతో తీయనివ్వకండి.

అయినా పెద్ద పన్ను ఊడిందా? కంగారు పడకండి. పన్ను వెతకండి. నోట్లో కనిపించే తెల్లని భాగం పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు, రుద్దవద్దు. చల్లని పాలలో వేయండి, నీళ్లలో వద్దు. రక్తం వచ్చే చోట శుభ్రమైన గుడ్డ నొక్కి పెట్టండి. వెంటనే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అరగంటలో చేరితే మరీ మంచిది. ఆ పన్నునే తిరిగి అదే చోట నిలబెట్టవచ్చు.

పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు. ఏ పన్నో తెలియకపోతే పాలలో వేసుకునే వెళ్లండి. డాక్టరు చూసి చెబుతారు.

ఈ పాఠం మీ పక్కింటి వాళ్లకూ చదివి వినిపించండి.