ద్వీపకల్పమున మన సీమ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున భూగోళ విషయమై కొంత చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. భూగోళమనగానే పర్వతముల యెత్తులను, నదుల పొడవులను పరీక్షకై వల్లె వేయు చదువని మనలో పెక్కుమంది తలంతురు. నిజమునకు ఈ శాస్త్రము మన వాకిటనే మొదలగును. మన పెరటిలో కురిసిన వాన ఏ సముద్రమునకు పోవును? మన బావి మాఘమాసముననే యెందుకు అడుగంటును? ఒకచోట ఊరికి ఊరు ఆనుకొని యుండగా మరియొకచోట ఆమడదూరము అడవియే యెందుకుండును? ఇట్టి ప్రశ్నలకు సమాధానము చెప్పునదే భూగోళశాస్త్రము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములను ముందుంచుకొని ఈ ప్రశ్నలను విచారింతము.

మూడువైపుల సముద్రము, ఒకవైపు నేల గల భూభాగమును ద్వీపకల్పమందురు. లోకమున ద్వీపకల్పములు పెక్కు కలవు. వానిలో కొన్ని కొండలమయమై యుండియు జనసమ్మర్దము గలవి. ఇటలీదేశమునకు అపెనైన్ పర్వతములు వెన్నెముకవలె నడుమ నిలిచినవి. కొరియా ద్వీపకల్పమున ప్రధాన పర్వతపంక్తి తూర్పు తీరమును ఆనుకొని యున్నది. అందుచేత ఆ దేశపు పెద్దనదులు పెక్కు పడమటికిని దక్షిణమునకును పారును. అచ్చటి నేలలో సుమారు నూటికి డెబ్బదిపాళ్ళు కొండలే. ప్రజలు మాత్రము పడమటి, దక్షిణపు మైదానములలో కిక్కిరిసి నివసింతురు. కొండ నీటిని పంపును, మైదానము మనుష్యుని పోషించును. పర్వతమయమైన ద్వీపకల్పములకెల్ల ఇది సామాన్యధర్మము.

మన దక్షిణభారత ద్వీపకల్పము కొరియాకు అద్దములోని ప్రతిబింబము వంటిది. మన యెత్తైన కొండలు పడమట నున్నవి. పడమటి కనుమలలోని ఆనముడి శిఖరము 2,695 మీటర్ల యెత్తు గలది. తూర్పు కనుమలు తక్కువ యెత్తు గలవై, నదులు కోసినచోట్ల తెగి తునుకలైనవి. ధాన్యము చెరుగు చేటను తూర్పునకు వంచినట్లు ఈ పీఠభూమి తూర్పువైపునకు వాలియున్నది. నర్మదా తపతులు పడమటికి పారుచున్నను తక్కిన మహానదులన్నియు తూర్పు సముద్రమునకే చేరును. గోదావరి నాసికకు సమీపమున త్ర్యంబకేశ్వరము కడ, అరేబియా సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరముననే పుట్టియు, ఆ సముద్రమును విడిచి 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున కలియును. నేలకు వాలు ఎటో నీటికి దారి అటే.

వానయు ఈ కొండలను బట్టియే కురియును. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల యావలివైపున తన భారమును చాలవరకు దించుకొని, ఈవలకు తేలికపడి వచ్చును. అందుచే నడుమనున్న పీఠభూమి వాననీడలో పడినది. తూర్పున బంగాళాఖాతములో పుట్టిన వాయుగుండములు గోదావరిలోయ వెంట లోపలికి చొచ్చివచ్చి కుంభవృష్టి కురిపించును. మన మూడు ప్రాంతములు ఈ రెండు స్వభావముల సంధిలో నున్నవి. జనగామనుండి భూపాలపల్లికి పోవుకొలది వాన హెచ్చును, అడవి చిక్కనగును, జనము పలుచనగును.

జనగామ సముద్రమట్టమునకు సుమారు 380 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చటి శిల ద్వీపకల్పపు అతిప్రాచీన శిలలలోనిది. ఈ జాతి శిలల వయస్సును శాస్త్రజ్ఞులు సుమారు 250 కోట్ల సంవత్సరములుగా లెక్కించుచున్నారు. ఇది నీటిని పీల్చుకొనని గట్టిరాయి. పైపొరలో చీకిన మొరమునందును, శిలలోని పగుళ్ళయందును మాత్రమే నీరు నిలుచును. ఆ కొలదినీటిని తోడివేసిన పిమ్మట బోరు ఎంత లోతుగా దింపినను దుమ్మే వచ్చును. కాని ఈ రాతికే మరియొక గుణము కలదు. క్రింద ఇంకని నేల, పైన మెల్లని వాలు, నడుమ నడుమ గుట్టలు ఉన్నచోట రెండు మిట్టల మధ్య చిన్న కట్ట వేసినచో చెరువగును. పై చెరువు నిండి మత్తడి దూకగా ఆ నీరు క్రింది చెరువునకు, అచ్చటినుండి దాని దిగువ చెరువునకు పోవును. ఇవియే గొలుసుకట్టు చెరువులు. పీఠభూమి స్వభావమును మన పూర్వులు ఎంత చక్కగా చదివిరో ఈ గొలుసే చెప్పుచున్నది.

2011 జనగణనము ప్రకారము నేటి జనగామ జిల్లా పరిధిలో సుమారు 5 లక్షల 66 వేలమంది, అనగా చదరపు కిలోమీటరునకు దాదాపు 260 మంది నివసించుచుండిరి. జీవనది లేని మిట్టనేలపై ఇంతమందిని నిలిపినది చెరువేయని నా విశ్వాసము. పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, పోతన నివసించిన బమ్మెరయు ఈ మెట్టసీమలోనివే. పెంబర్తి ఇత్తడి పనివారి నైపుణ్యము దేశాంతరముల ప్రసిద్ధిగాంచినది. నేల తక్కువ యిచ్చినచోట మనిషి చేతిపనితో దానిని పూరించుకొనును. నేలపై హక్కు కొందరి చేత చిక్కినపుడు ఈ సీమ ఊరకుండలేదు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య బలియగుటయు, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను తాను నిలుపుకొనుటయు ఈ చెలకలమీదనే జరిగినవి. భూమి స్వభావముతోపాటు భూమి యెవరిదన్న ప్రశ్నయు మానవభూగోళములోనిదే.

మానుకోటయను పాతపేరు గల మహబూబాబాదునకు పోవుసరికి దృశ్యము మారును. ఇచ్చట గట్టిశిలల సీమకు సరిహద్దుగా పాకాల కొండలు లేచును. ఆ ప్రాచీన అవక్షేప శిలావర్గమునకు భూగర్భశాస్త్రజ్ఞులు మన పాకాల చెరువు పేరే పెట్టిరి. పాకాలనుండి వెడలిన మున్నేరును ఖమ్మము సీమలో ఆకేరు కలిసికొనును. ఆ రెండును ఏకమై కృష్ణను చేరును. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారము చెరువును, కాకతీయుల వంశక్రమమును తెలుపు అచ్చటి శాసనమును ఈ జిల్లాకు అలంకారములు. ఒక చెరువుకట్టమీది రాయి రాజవంశ చరిత్రకు ఆధారమగుట గమనింపదగినది.

ఈ జిల్లా జనులలో నూటికి ముప్పదియైదుగురికి పైగా గిరిజనులు. అడవులలో కోయలు, తండాలలో లంబాడీలు నివసింతురు. లంబాడీల పూర్వికులు ఎడ్లమీద ఉప్పును, ధాన్యమును వేసికొని ద్వీపకల్పమును ఈ చివరనుండి ఆ చివరవరకు దాటిన వర్తకులు. సముద్రతీరపు ఉప్పును నడిగడ్డ పల్లెకు చేర్చినవారు వారే. తరువాత రైలు వచ్చినది. నిజాము రాష్ట్రపు రైలుదారి 1886లో వరంగల్లును, 1889 నాటికి డోర్నకల్లు మీదుగా బెజవాడను చేరెను. జనగామ, మహబూబాబాదులు ఆ దారిపై నిలిచి పట్టణములైనవి. ఎడ్లబిడారుల వర్తకము క్షీణింపగా లంబాడీలు నేలను నమ్ముకొని స్థిరపడిరి. ఇంజను కూత ఒక జాతి జీవనమునే మార్చినది.

ఇక భూపాలపల్లి. ఇచ్చట శిలయే వేరు. గోదావరి, ప్రాణహితల లోయలో భూమిపొర క్రుంగినచోట సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరముల క్రిందటి అరణ్యములు పూడుకొనిపోయి బొగ్గుగా మారినవి. ఆ బొగ్గునే సింగరేణి కార్మికులు త్రవ్వుచున్నారు. చెల్పూరు విద్యుత్కేంద్రము మండించుచున్నది. ఈ శిలల సముదాయమునకు గోండ్వానా యని పేరు. ఇది గోండుల దేశము పేర ఏర్పడినది. ఒకప్పుడు మన ద్వీపకల్పముతోపాటు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికాలు కలిసియుండిన మహాఖండమును లోకమంతయు నేడు ఈ పేరుతోనే వ్యవహరించుచున్నది. మన అడవులలోని ఒక గిరిజనజాతి పేరు ప్రపంచపటమున కెక్కుట సామాన్యమా!

ఈ జిల్లా ఉత్తరపు అంచున కాళేశ్వరము కడ ప్రాణహిత గోదావరిని కలియును. విదర్భ వానలనెల్ల మోసికొని వచ్చు ఆ నదివలననే గోదావరికి దిగువను నిండుదనము కలుగుచున్నది. కాళేశ్వరము, శ్రీశైలము, ద్రాక్షారామములను మూడు ఎల్లలుగా పెట్టి మన పెద్దలు త్రిలింగదేశమని చెప్పుకొనిరి. ఒకటి నదీసంగమము, ఒకటి పర్వతము, ఒకటి డెల్టా. ద్వీపకల్పపు మూడు రూపములును ఆ మూటిలో నున్నవి. పాండవుల గుట్టల రాతిగోడలపై ఆదిమానవుడు వ్రాసిన బొమ్మలును, గణపురము కోటగుళ్ళును ఈ అడవిలో మనుష్యుడు ఎంతకాలముగా నివసించుచున్నాడో చాటుచున్నవి. అయినను ఇచ్చటి జనసాంద్రత చదరపు కిలోమీటరునకు 180 ప్రాంతమే. అదే 2011 లెక్కలో తమిళనాడున 555 మంది, కేరళమున 860 మంది యుండిరి. ధవళేశ్వరము కడ 1852లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టా అన్నపూర్ణయైనది. అదే నది ఒడ్డున నున్న మన పల్లెలు మాత్రము చిరకాలము వానకొరకు ఆకాశమువంక చూచుచుండెను. నది దిగువను, పొలము మిట్టను ఉండుటయే దానికి కారణము.

ఇప్పుడు అసలు మాటకు వత్తును. ఈ మూడు ప్రాంతముల నడుమనుండి ఒక కంటికి కనబడని గట్టు పోవుచున్నది. జనగామ, మహబూబాబాదులలో కురిసిన వానలో అధికభాగము కృష్ణకు పోవును; భూపాలపల్లి వాన గోదావరికి పోవును. ఇది రెండు మహానదులను విడదీయు జలవిభాజకము. ఈ గట్టును దాటించి గోదావరి నీటిని జనగామ మిట్టలకు తెచ్చుటకే దేవాదుల ఎత్తిపోతల పథకము వెలసినది. 100 మీటర్ల మట్టమున నీరు నిలుపు మేడిగడ్డ బ్యారేజి గల కాళేశ్వరము పథకమును 2019 జూన్ 21న ప్రారంభించిరి. 2023 అక్టోబరులో ఆ బ్యారేజి స్తంభములు కొన్ని క్రుంగినవి. నీటిని ఎత్తిపోయుట మానవుని ఘనతయే. కాని ఎత్తినచోట నిలుపుకొనుటకు చెరువు లేనిచో ఆ శ్రమ ఏమగును? యంత్రము ఆగిన దినమున మనకు మిగులునది చెరువే. ఈ సంగతి గుర్తించియే 2015లో మిషన్ కాకతీయ పేరిట రాష్ట్రమందలి 46 వేలకు పైబడిన చెరువుల పునరుద్ధరణకు పూనుకొనిరి.

కరవునకే చెరువు వలయునని తలంపరాదు. 2023 జూలై మాసాంతమున పొరుగునున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కదినముననే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెను. జనులు ఇండ్లపైకెక్కి హెలికాప్టరులకై ఎదురుచూచిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు, మున్నేరులు పోటెత్తెను; కేసముద్రము, ఇంటికన్నె నడుమ వరదనీరు రైలుపట్టాల క్రింది కట్టను కోసివేసెను. గొలుసులో ఒక కట్ట తెగినచో ఆ భారమెల్ల క్రింది కట్టపై పడును. మత్తడిదారిలో ఇల్లు కట్టినవాడు తన యింటినే కాక దిగువ గ్రామమునంతను అపాయమున పడవేయును. శిఖము భూమి ఆక్రమించిన గజమెల్ల, పూడిన కాలువ యెల్ల, వరదనాడు తన లెక్క తాను అడుగును.

కావున సోదరులారా! ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము చేయుచున్నాను. తెలంగాణమున గ్రంథాలయములు వట్టి పుస్తకముల కొట్లుగా పుట్టలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినపుడు ప్రజలను మేల్కొల్పుటయే వాని ధ్యేయము. ఆ ధ్యేయమునకు తగిన పని యొకటి నేడు మన యెదుట నున్నది. ఈ గ్రామపు నీటిచరిత్రను వ్రాయించి ఇచ్చట భద్రపరపుడు. మన చెరువునకు నీరు ఏ గుట్టలనుండి వచ్చును, తూములెన్ని, మత్తడి నీరు ఏ దారిని పోయి ఏ ఊరి చెరువును చేరును, ఏ యేట కట్ట తెగినది, ఏ యేట చుక్కనీరు నిలువలేదు, ఈ విషయములెల్ల నీరటికాండ్రకును, వృద్ధరైతులకును, గొల్లలకును తెలియును. వారు పోయిన పిమ్మట చెప్పువారుండరు. పాఠశాల బాలబాలికలు వారిని అడిగి వ్రాసికొందురుగాక. ఒక పటము గీసి ఈ గోడకు వ్రేలాడదీయుడు. చెరువు హద్దులపై తగవు వచ్చిన దినమున ఆ పటమే సాక్ష్యము పలుకును.

ద్వీపకల్పమును మనము మార్చజాలము. పడమటి కనుమలను తగ్గింపజాలము, రాతిని మెత్తపరుపజాలము. కాని కురిసిన వాన ఎన్ని దినములు మన యూర నిలువవలెనో నిర్ణయించుట మన చేతిలోనిదే. మన పూర్వులు అట్లు నిర్ణయించుటచేతనే మనమిచ్చట ఉన్నాము. మన మనుమలు ఇచ్చట ఉండవలెనన్నచో ఆ నిర్ణయమును మనము మరల చేయవలెను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనవలెనని కోరుచు విరమించుచున్నాను.