మరణ క్లెయిము ఎప్పుడు తిరస్కరిస్తారు?



ఆ మధ్య ఒక సోదరి మన సంఘం ఆఫీసుకు వచ్చారు. భర్త పోయి ఆరు నెలలు. చేతిలో బీమా కంపెనీ ఉత్తరం. షుగరు జబ్బు సంగతి దాచినందువల్ల క్లెయిము చెల్లదని అందులో ఉంది. ప్రపోజలు ఫారం నకలు తెప్పించి చూశాం. జబ్బుల ప్రశ్నలన్నింటికీ "లేదు" అనే ఉంది. "ఆయన రాయలేదండీ, ఏజెంటే రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు" అన్నారామె. నిజమే కావచ్చు. కాని కింద సంతకం ఆయనదే!

అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెప్పదలచాము.

1938 బీమా చట్టం 45వ సెక్షనును 2015లో సవరించారు. దాని ప్రకారం పాలసీకి మూడేళ్ళు నిండితే కంపెనీ దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించరాదు. ఆలోగా మరణిస్తే విచారణ జరపవచ్చు. కావాలని మోసం చేసినట్లు తేలితే ఏమీ రాదు. మోసం లేకుండా ముఖ్య విషయం ఏదైనా చెప్పక పోయివుంటే, కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఏ కారణమైనా సరే, రాతపూర్వకంగా తెలపాలి.

రెండవది వాయిదా. గడువు దాటాక 30 రోజులు, నెలవారీ పాలసీకైతే 15 రోజులు వెసులుబాటు ఉంది. అదీ దాటితే పాలసీ ల్యాప్సవుతుంది. మళ్ళీ పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ళ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మూడవది, పాలసీ తీసుకున్న 12 నెలల్లో ఆత్మహత్య జరిగితే పూర్తి మొత్తం రాదు. మామూలు పాలసీలలో కట్టిన ప్రీమియంలో కనీసం 80 శాతం ఇస్తారు.

తిరస్కరించారని చేతులు ముడుచుకోవద్దు. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా అర్జీ పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది.

ఆ సోదరి భర్త పాలసీకి అప్పటికి రెండేళ్ళే. ఆమె తరఫున అర్జీ మేమే రాసి పంపాం. తీర్పు ఇంకా రాలేదు.

ఇంటికి వెళ్ళగానే మీ పాలసీ కాగితాలు తీసి చదవండి. చదవడం రాకపోతే పిల్లలచేత చదివించుకోండి. తప్పు కనబడితే ఇప్పుడే కంపెనీకి ఉత్తరం రాయండి. రేపు ఆ జవాబు చెప్పుకోవలసింది మనం కాదు, మన భార్యాబిడ్డలు.